మామ చేతులెత్తిన రోజు

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, కొవ్వనేది ఒంటి మీదో మాటల్లోనో కనబడేదే గానీ నెత్తురులో కూడా ఉంటుందని మా చిల్లకూరు వైపు సముద్రపు ఊళ్ళలో ఎవరికీ తెలియదు. నేను గూడూరులో ఒక డాక్టరు గారి దగ్గర కొత్తగా కాంపౌండరుగా చేరాను. (ఊళ్ళో మాత్రం సగం డాక్టరునని చెప్పుకునేవాణ్ణి.) గుండెల్లో పట్టేసినట్టుందంటే మా మేనమామను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. నెత్తురు మద్రాసుకు పంపి, వచ్చిన కాగితం చూసి ఆయన, "కొలెస్ట్రాల్ మెండుగా ఉంది. మందులు వాడాలి, వేపుళ్ళు మానాలి. పొద్దునా సాయంత్రం కళ్ళు మూసుకుని, ఒళ్ళు వదులు చేసి, ఊపిరి మీదే ధ్యాస పెట్టి కూర్చోవాలి. ఆదుర్దా మాత్రం పనికిరాదు" అన్నారు.

మామ పని ఒడ్డున కూర్చుని, నీటి రంగు చూసి చేపల గుంపును పసిగట్టడం. ఆయన చెయ్యెత్తితే పడవలు దిగేవి. ఇరవై ఏళ్ళుగా ఆ చెయ్యి తప్పలేదు. ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరే.

మరునాడు పొద్దున్నే ఇసుకలో కూర్చోబెట్టి ధ్యానం మొదలుపెట్టించాను. "మామా, ఊపిరి పీల్చు. ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తు, నరాలు వదులవుతాయి." ఎత్తాడు. పక్కనే నేనూ కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ముప్పై పడవలు అలలు దాటి పోతున్నాయి! నా పైప్రాణం పైనే పోయింది. మామ గుడ్లు తేలేసి, "ఎవుర్రా పొమ్మనింది?" అని అరిచాడు.

"నువ్వే గదన్నా, రెండు చేతులూ లేపినావు!" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ముసలాయన. "ఒక చేతికే గంపలు నిండుతాయే, రెండు లేపినాడంటే ఎంత గుంపోనని పరిగెత్తినారు."

మామ రొమ్ము పట్టుకున్నాడు. "ఇంక నా చెయ్యి ఎవురు నమ్ముతారబ్బయా?" ఆదుర్దా పనికిరాని మనిషికి నా వైద్యం చేసిన మేలు అది. మధ్యాహ్నానికి పడవలు ఒక్క పీతతో తిరిగొచ్చాయి. మామ లేచి అందరి ముందూ నిలబడ్డాడు.

"నా కన్ను తప్పు గాదురా. ఆ డాక్టరు ఎత్తమన్నాడంట, ఎత్తినా. ఇంకమీద నా తలకు తుండుగుడ్డ ఉంటే చేపలకు కూర్చున్నట్టు, లేకుంటే జబ్బుకు కూర్చున్నట్టు!"

ఒడ్డంతా నవ్వు, అందులో మామ నవ్వే పెద్దది. ఆనాటి నుంచి ఆయన వట్టి తలతో కూర్చుంటే చేపల గంపలవాళ్ళు కూడా గొంతు తగ్గించి పోయేవారు.

ఇప్పుడు నిజం చెబుతాను. ముప్పై కాదు, మూడు పడవలే. ఇంకొకటి: చేతులెత్తమని డాక్టరు గారు అసలు అనలేదు, అది నా సొంత తెలివి. మామ బతికినన్నాళ్ళూ ఆ పెద్దమనిషిని తిడుతుంటే నేను పక్కన కూర్చుని తలూపాను.

ఇప్పుడు అలాంటి కాగితమే నా పేరుతో వచ్చింది. రోజూ వరండాలో కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను. మొన్న మామ గుర్తొచ్చి రెండు చేతులూ పైకెత్తాను. ఎక్కడా ఏ పడవా కదల్లేదు. లోపలి నుంచి మా ఆవిడ గొంతు మాత్రం వినబడింది: "కాఫీ కావాలంటే నోటితో అడగొచ్చు గదా!"