అమ్మవారు పోసినా నా సూది నాదే

ఆ పొద్దున పరీక్ష గొట్టం ఇటుక రంగుకు తిరగడం చూసి, నేనే ఏదో పొరపాటు చేశాననుకుని గొట్టం కడిగి మళ్లీ కాచాను. మళ్లీ అదే రంగు. అప్పట్లో ఇంట్లో షుగర్ చూసుకోవడమంటే ఇదే. నీలం మందులో మూత్రం చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే నిశ్చింత, ఆకుపచ్చయితే జాగ్రత్త, ఇటుక రంగయితే ఒంట్లో చక్కెర పొంగుతున్నట్టు. ముందురోజు నేను తిన్నది జొన్నరొట్టె, తాగింది మజ్జిగ. ఇన్సులిన్ కూడా తప్పలేదు. మరి ఎందుకు పెరిగినట్టు?

నేను ఆళ్లగడ్డలో చిన్నపిల్లల బడి టీచర్ని. పేరు ఎస్తేరు. ఇది డెబ్భైల చివర్లో మాట. రెండో బిడ్డ పుట్టిన మరుసటేడు నంద్యాలలో డయాబెటిస్ అని తేల్చారు, మాత్రలు పనిచేయవన్నారు. అప్పటినుంచి గాజు సిరంజి ఉడకబెట్టుకుని, తడి ఇసుక కుండలో దాచిన సీసాలోంచి మందు లాగి, నా తొడకు నేనే పొడుచుకునేదాన్ని. మొదట్లో ఒక్క సూదికి అరగంట పట్టేది. తర్వాత జడ వేసుకున్నంత సులువైపోయింది.

మధ్యాహ్నానికి జ్వరం, నడుము విరిగినట్టు నొప్పి. మర్నాడు కడుపు మీద నీటి పొక్కులు లేచాయి. మా తరగతి పిల్లలు కొందరు అప్పటికే ఆటలమ్మతో ఇళ్లలో పడుకుని ఉన్నారు. నాకు ఎక్కడినుంచి అంటుకుందో వేరే చెప్పాలా?

మా అత్త రాహేలమ్మ పొక్కు చూడగానే నెత్తిన కొంగు కప్పుకుంది.

"అమ్మవారు పోసిండాది మే. ఇంగ ఇంట్లో తిరగమోత ఎయ్యొద్దు, సూది పట్టొద్దు."

ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడే మనిషి ఈమె!

"అత్తా, మనం క్రైస్తవులం గదా, మనకు అమ్మవారేందీ?" అన్నాను.

"దేవుడు దేవుడే, పొక్కు పొక్కే. పోసిన ఒంటికి సూది పొడిస్తే అది లోపలికి తిరుక్కుంటాది. మా అమ్మ చెప్పె, మా అవ్వ చెప్పె. నువ్వేందీ కొత్తగా చెప్పేది?"

మా వైపు ఈ పట్టింపుకు మతం లేదు. పోసిన ఇంట్లో చిరిగిన రవిక కూడా కుట్టరు. నేను సిరంజి ఉడకబెడుతుంటే అత్త గిన్నెతో సహా తీసుకుపోయింది. వెనకాలే ఇసుక కుండ కూడా పోయింది. పొక్కులు మాడి మూడుసార్లు తలకు నీళ్లు పోసుకున్నాకే ఇస్తానంది. ఈలోపు ఇరుగుపొరుగు వేపమండలు, అరటిపళ్లు, బెల్లం పానకం పట్టుకుని దిగారు. ఒళ్లు చల్లబడాలట. షుగర్ ఉన్న మనిషికి ఇన్సులిన్ మాన్పించి పానకం తాగిస్తారా! నేను మొహం తిప్పుకుంటే, "తాగు, లేకుంటే అమ్మవారికి కోపమొస్తాది" అని గదమాయింపు. నాకొచ్చిన కోపం మాత్రం ఎవరికీ లెక్కలేదు.

మా ఆయన జయరాజు నెమ్మదస్తుడు. వీధి చివర కాంపౌండర్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన గడప బయటే నిలబడ్డాడు.

"పోసిన ఒంటికి నేను సూది పెట్టనమ్మా. నాకూ బిడ్లుండారు."

చదివినవాళ్లు, చదవనివాళ్లు, అందరూ ఆ తాను ముక్కలే.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. పొక్కులు నోట్లోకి, గొంతులోకి దిగాయి. దగ్గితే గుండెలు చీల్చినట్టుండేది. పరుగెత్తి వచ్చినదానిలా ఎగశ్వాస. నా ఊపిరిలో మాగిన పండు వాసన వస్తుంటే, అత్త అది అమ్మవారి వాసనంది, మంచి గుర్తంది. పక్కింటామె దండం కూడా పెట్టింది.

నాకు చావు భయం పట్టుకుంది. భయం కంటే మంట ఎక్కువ. ఇద్దరు పసిబిడ్డల తల్లిని, నలుగురి మాట కోసం చావాలా?

"ఏమప్పా," అని మా ఆయన్ను పిలిచాను. "సూది తెచ్చిస్తావా, నంద్యాలకు తీస్కపోతావా? ఏదో ఒకటి తేల్చు."

ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు.

"ఆ మొగం చూడబాకు, నా మొగం చూడు! నేను పోతే బిడ్లకు నీళ్లు పోసేదెవరు?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. జీపు కోసం పరుగెత్తాడు. పొక్కుల మనిషిని బస్సు ఎక్కించుకోరు మరి. జీపు వచ్చేసరికి అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నీళ్లు పోసుకోకుండా గడప దాటితే ఊరికి చెడుపు మే!"

"దాటకుంటే నా బిడ్లకు చెడుపు. పక్కకు జరుగత్తా."

గోడ పట్టుకుని నేనే నడిచి గడప దాటాను. ఎవరూ ఎత్తుకుపోలేదు.

నంద్యాల ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ నా మీదికి వంగి ఊపిరి వాసన చూశారు. మూత్రం పరీక్ష ఫలితం వచ్చేలోపే సెలైన్, ఇన్సులిన్ మొదలుపెట్టించారు.

"ఇన్సులిన్ ఎవరు ఆపమన్నారు?"

"అమ్మవారు పోసిందని సార్..." మా ఆయన నసిగాడు.

"అమ్మవారు వచ్చి ఆపమందా? ఈ వాసనేమిటో తెలుసా? కీటోన్స్, ఇన్సులిన్ లేక రక్తంలో చేరిన విషం. ఇంకాస్త ఆలస్యమైతే కోమా."

ఛాతీ ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనబడ్డాయి. వైరల్ న్యుమోనియా అని ఆక్సిజన్ పెట్టారు. నాకు కాస్త తెలివి వచ్చాక పెద్ద డాక్టరే మంచం పక్కన నిలబడి విడమరిచి చెప్పారు. "చికెన్ పాక్స్ పిల్లలకు చాలావరకు తేలిగ్గా పోతుంది. పెద్దవాళ్లకు గట్టిగా వస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే ఒంటికి పోరాడే బలం ఇంకా తగ్గుతుంది. జ్వరం షుగర్‌ను పెంచుతుంది, పెరిగిన షుగర్ జబ్బును ముదరబెడుతుంది. అందుకే నువ్వు తీపేమీ తినకపోయినా గొట్టం ఇటుక రంగుకు తిరిగింది. ఈ వైరస్‌ను చంపే మందు నా దగ్గర లేదమ్మా. షుగర్‌ను నేను దించుతాను, మిగతాది నీ ఒళ్లు చెయ్యాలి."

"చేస్తాది సార్," అన్నాను.

ఆక్సిజన్ తీసేశారు, ఇక ఇంటికేనని సంబరపడుతుండగా కాలి మీది పొక్కులు చీము పట్టాయి. మళ్లీ జ్వరం, మళ్లీ ఇటుక రంగు. యాంటీబయాటిక్స్, రోజూ డ్రెస్సింగ్. గాజుగుడ్డ ఊడదీస్తుంటే వార్డంతా వినబడేలా అరిచాను. అరిస్తే తప్పేమిటి, నొప్పి నాది. ఆ మచ్చ ఇప్పటికీ కాలి మీద గుంటపడి ఉంది.

లేచి కూర్చోగలిగిన రోజు నర్సును సిరంజి అడిగాను. పొక్కుల మధ్య ఖాళీ చర్మం వెతుక్కుని నేనే పొడుచుకున్నాను. సరిగ్గా అప్పుడే అత్త టిఫిన్ క్యారియర్‌తో వచ్చి, చూసి, "యేసయ్యా!" అని కళ్లు మూసుకుంది.

"ఏమత్తా, లోపలికి తిరుక్కుండెనా?"

"అన్నీ తిరుక్కునె గానీ నీ నోరే తిరుక్కోలేదు. తిను," అంది. క్యారియర్‌లో పానకం లేదు, రాగి సంగటి, ఆకుకూర పప్పు ఉన్నాయి.

ఇదంతా జరిగి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు పంతొమ్మిది వందల ఎనభైల్లో ఉన్నాం, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటోంది, నేను అదే బడిలో పిల్లలతో గొంతు చించుకుంటున్నాను. మా అత్త మాత్రం మారలేదు. అమ్మవారు దయతలచి వదిలిందంటుంది. ఇన్సులిన్ బతికించిందని నేనంటాను. పొయ్యి దగ్గర ఇద్దరం ఇప్పటికీ పోట్లాడుకుంటాం. అననీ, ఆమె నోరు ఆమెది. పోట్లాడటానికి నేను మిగిలానుగా!

నాలాగా ఇన్సులిన్ మీద బతికేవాళ్లకు ఒక్క మాట. జ్వరం వచ్చినా, వాంతులైనా, ఒళ్లంతా పొక్కులు లేచినా ఇన్సులిన్ మానకండి. మామూలుకంటే ఎక్కువసార్లు పరీక్ష చేసుకుని, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఎంత వేసుకోవాలో డాక్టర్‌ను అడగండి. వేసుకోవాలా వద్దా అని మాత్రం ఇంట్లో ఎవరినీ అడగకండి.