నాలుగు వేళ్ల మడత

మా పెద్దమ్మ పోయింది. భిలాయి సెక్టర్ 6లో, తన కుట్టుమిషను పక్కన మంచం మీద, పొద్దున్న టీ తాగి పడుకుని మళ్లీ లేవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు మంచిదే గానీ మొండిమనిషి అన్నారు. నిజమే. ఆ మొండితనం వల్లే నేను ఎదిగాను.

నాకు ఐదేళ్లప్పుడు లివర్ చెడిపోతే నాన్న తన లివర్‌లో ముక్క ఇచ్చాడు. బతికాను. అందరూ దేవుడికి దండం పెట్టి ఊరుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఏటా స్కూలు స్కర్టు కుట్టి, అంచు లోపలికి నాలుగు వేళ్ల మడత పెట్టేది. మా వీధిలో పిల్లల బట్టలన్నీ అలాగే కుట్టేవారు. పిల్ల ఎదిగితే మడత విప్పుతారు. నా స్కర్టులు వెలిసిపోయేవి గానీ మడత విప్పే పని పడేది కాదు.

మొదట పెద్దమ్మ మా అమ్మ వంటను తిట్టింది. నాకు నెయ్యి పోసి పెట్టింది. ఒళ్లొచ్చింది, ఎత్తు రాలేదు. తోటివాళ్లు పెద్దమనుషులవుతున్నారు, నేనింకా ముందు బెంచీలోనే. గుడ్డ దండగ, కొలతకి కుట్టెయ్యమంది అమ్మ. జాన్ బచీ, ఔర్ క్యా చాహియే అని పక్క క్వార్టర్ దీదీ వంతపాడింది. ప్రాణం దక్కితే ఇంకేమీ అడగకూడదట.

పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది.

"ఆస్పత్రి నించి లివరొక్కటే తెచ్చుకున్నామేటే? పిల్లని తెచ్చుకున్నాం. ఎందుకెదగట్లేదో అడగండి."

తర్వాతి చెకప్‌కి విప్పని స్కర్టులన్నీ సంచిలో వేసుకుని తనూ బయల్దేరింది. లివర్ బ్రహ్మాండంగా ఉందన్నారు డాక్టరు. పెద్దమ్మ స్కర్టులు బల్ల మీద పెట్టింది. ఆయన ఒకదాని మీద ఒకటి పరిచి చూశారు. అన్నీ ఒకే పొడుగు. నవ్వలేదు, హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపారు. పెట్టిన లివర్‌ను ఒళ్లు తోసెయ్యకుండా ఏళ్లతరబడి వాడిన స్టెరాయిడ్ మందు ఎదుగుదలను ఆపగలదని, ఎముకలు ముదిరిపోతే ఇక ఏం చేసినా లాభం లేదని అక్కడే మొదటిసారి విన్నాం. ఆ మందు తగ్గించారు, రోజూ హార్మోన్ సూది మొదలైంది. నేను ఏడిస్తే పెద్దమ్మ ఓదార్చేది కాదు. ఏడుస్తూనే ఎదుగు అనేది.

మరుసటేడు స్కర్టు మోకాలి పైకెక్కింది. పెద్దమ్మ వీధి గుమ్మంలో కూర్చుని, అందరూ చూసేలా మడత విప్పింది. లోపలి గుడ్డ ఇంకా ముదురు నీలంగానే ఉంది. అమ్మ ఏడ్చేసింది.

నేనేం తాటిచెట్టునవలేదు. బస్సులో పై రాడ్డు ఇప్పటికీ అందదు. కానీ ఏ పిల్ల గురించైనా బతికింది చాల్లే అని నా ఎదుట ఎవరన్నా ఊరుకోను. చాలదు.

మిషను మీద నాకోసం కుడుతున్న కుర్తా అలాగే ఉంది. నేనిక ఎదగనని పెద్దమ్మకు బాగా తెలుసు. అంచు తిప్పి చూశాను. లోపల నాలుగు వేళ్ల మడత.