మేస్త్రీ గారు మీదేసుకున్న తప్పు

మా మేస్త్రీ గారు పోయారని నాకు మద్దిలపాలెం బస్టాపులో తెలిసింది. అదీ నాలుగు రోజులు ఆలస్యంగా. మా కాలేజీ పాత వాచ్‌మన్ కూరల సంచీతో ఎదురుపడి, "మేస్త్రీ పోనాడు కదమ్మా, మీకెవలూ సెప్పనేదా?" అన్నాడు. పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. నేనెక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది, కండక్టరు కేకేశాడు, వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను.

నాకెవరు చెబుతారు? ఏడాదిన్నరగా ఆయన గడప తొక్కని మనిషిని. కాలేజీ ఫైల్లో ఆయన పేరు మీద ఒక మోసం రాసి ఉంది. ఆ మోసం చేసింది నేను. ఇవాళ ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి చేతులు దులుపుకుంటే పురుగులు పడి పోతాను. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది నగరం అంచున ఉన్న ఒక వ్యవసాయ కళాశాల. అక్కడ మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు. ఫారంలో దుక్కి, నీళ్ళు, కూలీలు అన్నీ చూసుకునే మనిషి. మా మేస్త్రీ గారు రిటైరయ్యాక కూడా రోజుకూలీ మీద అదే పని చేసేవారు, ఎందుకంటే ఆయన ఖాళీ చేసిన పోస్టులో ఎవర్నీ వెయ్యలేదు. ఆ మాటకొస్తే ఎవరు ఖాళీ చేసిన పోస్టులోనూ ఎవర్నీ వెయ్యలేదు. నేను పదకొండేళ్ళు కాంట్రాక్టు లెక్చరర్ని. ఏడాదికోసారి వచ్చే కాగితం మీద బతుకు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చినవాడు. నేను క్వార్టర్సులో పెరిగాను. డిగ్రీలైతే ఉన్నాయి గానీ బురదలో సరిగ్గా నిలబడటం కూడా రాదు. మొదటి ప్రాక్టికల్ రోజునే విద్యార్థుల ముందు, నీళ్ళు కట్టి దున్ని దమ్ము చేసిన మడిలో చతికిలబడ్డాను. అందరూ ఇకఇకలు, పకపకలు. మేస్త్రీ గారు గట్టు మీంచి, "ఏట్రా ఆ నవ్వులు? మేడంగోరు దమ్ము బాగా అయినాదో నేదో సూస్తన్నారు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన నాకు గురువు. నా డిగ్రీలు నేర్పనివి ఆయన దగ్గరే నేర్చుకున్నాను, నారు కట్ట విప్పేటప్పుడు వేళ్ళు తెగకుండా ఎలా పట్టుకోవాలో కూడా.

పిల్లలు వంకరటింకరగా నాట్లు వేస్తే, "ఇదేటి వరసా? ఆర్టీసీ బస్సెక్కినట్టు నాటీసినారు" అనేవారు. మడిలోకి దిగేముందు చెప్పులు గట్టు మీద, ముందుభాగం ఊరివైపు ఉండేలా విప్పేవారు. ఎందుకని అడిగితే, "ఇంటికెల్లేటప్పుడు ఎతుక్కోకుండా" అన్నారు. మధ్యాహ్నం చోడి అంబలి, అంటే రాగి అంబలి, జాలరిపేట ఆడవాళ్ళ దగ్గర కొన్న ఎండు నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు. నాలుగు నెత్తళ్ళు నా డబ్బాలో వేసి, "తినండమ్మగోరూ, కాసేపు నోరు ఊరుకుంటాది" అనేవారు. నాకు నోరెక్కువ. ప్రిన్సిపాల్‌తో, ఆఫీసుతో, కరెంటు వాళ్ళతో, అందరితోనూ తగువే. నా తగువులన్నీ ఆయనకి తెలుసు.

పునర్వ్యవస్థీకరణ అని ఒక ఆర్డరు వచ్చింది. ఆయన నోటీసు బోర్డు ముందు నిలబడి, "ఈ పెద్ద మాటకి అర్థమేటమ్మా?" అని అడిగారు. మన కాలేజీని ఇంకో కాలేజీలో కలిపేస్తారట అన్నాను. ఆయన మళ్ళీ అడిగారు. "కలిపితే రెండూ ఉంతాయా, ఒకటే ఉంతాదా?"

 అప్పటికే ఫారానికి నిధులు ఆగిపోయాయి. మోటారు కాలిపోతే బాగుచేయించే దిక్కు లేదు. వెన్ను బయటికి రాబోయే పొట్ట దశలో ఉన్న మా ప్రదర్శన మడి కళ్ళముందే ఎండి గడ్డిలా అయిపోయింది. సరిగ్గా అప్పుడే కమిటీ వస్తోందన్నారు. వాళ్ళు చూసి బాగుందంటే కాలేజీ ఉంటుంది, లేదంటే కలిపేస్తారు. కలిపేస్తే మొదట పోయేది మాలాంటి కాంట్రాక్టు వాళ్ళం.

ఆ ఆలోచన నాకే వచ్చింది. మేస్త్రీ గారి బావమరిది మడి పచ్చగా ఉంది. అందులోంచి దుబ్బులు మట్టిపెళ్ళతో సహా పారతో లేపి, మా మడిలో పెట్టి, ట్యాంకరుతో నీళ్ళు కడితే రెండు రోజులు నిలబడుతుంది. కమిటీ గట్టు మీంచి చూసి, టీ తాగి పోతుంది. ఏ కమిటీ బురదలో దిగింది గనక?

మేస్త్రీ గారు నా మొహంలోకి చూశారు. "వద్దమ్మా. పొట్టమీదున్న పైరుని కదపకూడదు. పాపం."

"కాలేజీ మూసేస్తే మీరెక్కడుంటారు, మీ పైరెక్కడుంటుంది? పాపాలు తర్వాత చూసుకుందాం" అని కసిరాను. ఆయన వయసు నా తండ్రి వయసు. తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నారు, అంతే. మర్నాడు తెల్లారేసరికి ట్రాక్టరు నిండా దుబ్బులు వచ్చాయి. ఆయన, ఆయన భార్య, మరో నలుగురు ఆడవాళ్ళు కలిసి నాటారు. ఆ రోజు ఆయన ఎవర్నీ ఎగతాళి చెయ్యలేదు. నేను పట్టించుకోలేదు. పచ్చగా ఉందా లేదా, అదే నాకు కావాలి.

మర్నాడు వచ్చిన కమిటీలో ఒక పెద్దాయన బూట్లు విప్పేశాడు! ప్యాంటు మడిచి మడిలో దిగి, వంగి ఒక దుబ్బు పట్టుకుని లాగాడు. పారతో కోసిన మట్టిపెళ్ళ అలాగే చేతిలోకి వచ్చింది. "ఎవరు చేశారిది?" అని తెలుగులోనే అడిగాడు. ప్రిన్సిపాల్ నావైపు చూశారు. నేను నా చేతిలో ఫైలు వైపు చూశాను.

"నానే బాబూ" అన్నారు మేస్త్రీ గారు. "నా సేతిలో పైరు ఎండిపోనాది. మాట పడతానని బయపడి ఇలగ సేసినాను. ఈ అమ్మగోరికి గాని, ప్రిన్సిపాల్ బాబుకి గాని తెలీదు."

ఊళ్ళో అందరితో తగువాడే నా నోరు అప్పుడు పెగల్లేదు. నెత్తళ్ళు కూడా అక్కర్లేకపోయాయి. కాగితం రెన్యువల్ కావాలి, అద్దె కట్టాలి, కూతురి ఫీజు కట్టాలి. ఇవన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి. పక్కన నిలబడిన మనిషి గుర్తుకు రాలేదు. ఛీ! ఇప్పటికీ అద్దంలో చూసుకుంటే ఆ మొహమే కనిపిస్తుంది.

ఫారం సిబ్బంది నిర్లక్ష్యం, మోసం అని నివేదికలో రాసుకున్నారు. మర్నాటి నుంచి ఆయన్ని రావద్దన్నారు. పారలు, గునపాలు కడిగి స్టోరులో అప్పజెప్పి, నా గది గుమ్మం దగ్గర ఆగారు. నేనేదో రాస్తున్నట్టు తల దించుకుని కూర్చున్నాను. "అమ్మగోరూ, ఆ పైరుకి నీళ్ళు పెట్టించండి. దానికేటి తెలుసు" అన్నారు. అదే ఆయన నాతో ఆడిన ఆఖరు మాట. నేను నీళ్ళు పెట్టించలేదు. సిగ్గుతో ఆ మడివైపే వెళ్ళలేదు.

ఇంత చేసీ ఏం మిగిలింది? కమిటీ చివరికి ఏం సిఫారసు చేసిందో గానీ, ఈమధ్యే కాలేజీని కలిపేశారు. పిల్లల్ని వేరే ఊరు పంపారు. గేటుకి తాళం, ఫారంలో సర్వే రాళ్ళు. మా సేవలు ఇక అవసరం లేదని ఒక ముక్క కాగితం. మోసం చేసింది నేనని ఒక ఉత్తరం రాసి పట్టుకెళ్ళాను. తీసుకోవడానికి అక్కడ ఆఫీసే లేదు. ఉత్తరం ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆయన బతికుండగా ఆయన చేతికైనా ఇచ్చి ఉండొచ్చు. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నాను.

బస్టాపు నుంచి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాను. రుషికొండ వెనక పల్లె, ఎదురుగా కంపెనీల అద్దాల మేడలు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళ మీద పడి ఏడ్చాను. అంతా చెప్పబోతే, "నాకు తెలుసమ్మా. నానూ నాటినాను కదా" అంది. ఆమెకి నా మీద కోపం లేదు. తిట్టినా బాగుండేది.

చూరుకి ఒక వరి కుచ్చు వేలాడుతోంది. "అది ఆ మడిదే" అంది. ఆయన్ని రావద్దన్నాక, ఫారం గోడ పడిపోయిన చోటునుంచి రోజూ దూరి, ఇద్దరూ బిందెలతో నీళ్ళు పోశారట. "సానా మట్టుకు సచ్చిపోనాది. మిగిలిందంతా తాలే. అయినా పిచికలకని కట్టినాడు." నేను ఒక వెన్ను పట్టుకుని నలిపాను. పొట్టు తప్ప గింజ లేదు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క సంగతి సెప్పమ్మా. మీ ఉజ్జోగం నిలబడ్డాదా? ఆకరి దాకా అదే అడిగీవోడు."

"నిలబడింది" అన్నాను.

"పోన్లే తల్లీ" అని కళ్ళు తుడుచుకుంది. రెండు పిచ్చుకలు వచ్చి కుచ్చు మీద వాలాయి. ఒకటి పొడిచి చూసింది, పొట్టు రాలింది. ఇంకోచోట పొడిచింది. ఆమె వాటినే చూస్తూ, "తింతన్నాయి సూడమ్మా" అంది.