మా బోరు మోటారు పంపిన మెసేజీలు

మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు కోరుట్లలో కొని బోరు దగ్గర బిగించిన పెట్టె అది. అందులో ఒక సిమ్ ఉంటుంది. మోటారు నడిచినా, ఆగినా మా ఇద్దరి ఫోన్లకూ మెసేజీ వస్తుంది. మా ఇద్దరిలో ఎవరు దానికి రింగిచ్చినా ఆగిన మోటారు నడుస్తుంది, నడిచేది ఆగుతుంది. దుబాయిలో కూర్చుని కథలాపూర్ పక్క పొలానికి నీళ్లు పెట్టే మొగుడు దొరికాడని మా వాడ ఆడవాళ్లు నన్ను ఏడిపించేవారు.

తిరిగి వెళ్లిన కొన్నాళ్లకు ఆయన ఫోన్లు ఆగిపోయాయి. నేను చేస్తే మోగుతుంది, ఎత్తడు. వాళ్ల కంపెనీ మూతబడిందని, కొందరు క్యాంపు విడిచి ఎటో వెళ్లిపోయారని అక్కడే పనిచేసిన సిరిసిల్ల మనిషి ఒకాయన చెప్పాడు. ఆ వెళ్లిపోయినవాళ్లలో మా ఆయన ఉన్నాడో లేడో ఆ సిరిసిల్ల మనిషికీ తెలియదు.

మెసేజీలు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి. నేను రింగివ్వకుండానే మోటారు నడుస్తోంది.

"మోటరు నడుస్తున్నదంటే నా కొడుకు మంచిగున్నట్టే. పరేషాన్ గాకు," అంది అత్త.

ధైర్యం వచ్చింది గానీ ఒళ్లు మండింది. మోటారుకు రింగివ్వడానికి తీరిక ఉంది, కట్టుకున్నదానికి లేదా? ఒకరోజు పెద్ద వాన కురిసి మడులన్నీ నిండాయి. అయినా మోటారు నడిచింది. ఆపాను. కరెంటు పోయి వచ్చాక మళ్లీ నడిచింది. నా మీద కోపమో, పొలం మీద ప్రేమో ఏమీ అర్థం కాలేదు. చివరికి మెకానిక్‌ను పిలిచాను.

అతను పెట్టె తెరిచి చూశాడు. "అక్కా, గిది ఆటోల ఉన్నది. కరెంటచ్చిందంటే దానంతటదే నడుస్తది. ఎవ్వలు రింగియ్యనక్కర లేదు."

"ఎప్పటిసంది?"

"గది నేనెట్ల చెప్తనక్కా?"

గట్టు మీదే కూర్చుని ఫోనులో మెసేజీలు వెనక్కి తిప్పాను. ఇన్ని రోజుల మెసేజీల్లో ఆయనవి ఎన్ని? అసలు ఒక్కటైనా ఆయనదేనా? ఆటో తీసేయమన్నాను. పెట్టెకు తాళం వేసి చెవి కొంగున కట్టుకున్నాను. ఇక మోటారు నడవాలంటే మా ఇద్దరి ఫోన్లే దిక్కు.

ఆ తర్వాత మోటారు నడవలేదు, మెసేజీ రాలేదు. వరి పొట్టకొచ్చి ఉంది, మడుల్లో నెర్రెలు పడుతున్నాయి.

"పంట ఎండవెడతవా ఏందే? రింగియ్యి!" అని అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఇయ్య," అన్నాను. నేనే నడిపితే ఇక ఆయనకు నడపాల్సిన పనే ఉండదు. పొలం పోతే పోయింది, ఆయన ఉన్నాడో లేడో నాకు తెలియాలి. పిచ్చిదాన్నయ్యానని అత్త అనుకుంది. నాకూ అదే అనుమానం.

ఒక మధ్యాహ్నం బీడీలు చుడుతుంటే ఫోను టింగుమంది. మోటారు నడుస్తోందని మెసేజీ. తాళంచెవి నా కొంగునే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. రింగిచ్చి ఆపాను. కాసేపటికి మళ్లీ నడిచింది. మళ్లీ ఆపాను. మళ్లీ నడిచింది. ఒళ్లోని చేట కిందపడి బీడీలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఇంకోసారి ఆపాను.

ఈసారి ఫోనే మోగింది.

"ఏందే నీ లొల్లి? గట్ల ఊకూకె ఆపితే మోటరు గాలుతది!"

"కాలనియ్యి," అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "రోజు మెసేజులు అస్తుంటే నువ్వే నడుపుతున్నవ్, ఇంట్ల అంత మంచిగనే ఉన్నదనుకున్న. అవి బందయినంక మీకేమైందోనని బుగులైంది."

"మరి నా ఫోనెందుకెత్తలే?"

"ఎత్తితే జీతమడుగుతవ్. మోటరైతే ఏమడగది."

తిట్టడానికి దాచుకున్న మాటలు పక్కన పెట్టాను. ఇంటికి రమ్మన్నాను.

"ఉత్త చేతులతోని ఎట్ల రావాలెనే?"

"గా చేతులే గావాలె నాకు," అన్నాను.