గోవిందరావు చేతి చుక్కలు

పైడిబాబు రిటైరైన క్రేన్ ఎలక్ట్రీషియన్. కాపురం ఉత్తరాదిన, హిందీ మాట్లాడే బిర్సానగర్‌లో. ఉద్యోగం అయిపోయాక అతనికి మిగిలింది హామ్ రేడియో, ఆ రేడియోలో మిగిలింది ఒక్క మనిషి: భీమిలిలో ఉన్న గోవిందరావు. కేన్సర్‌కి గోవిందరావు గొంతు తీసేశారు. అప్పట్నుంచీ పొద్దుటి పూట ఇద్దరికీ మోర్స్ కీ మీద చుక్కలూ గీతలతోనే మాటలు.

"వాట్సాప్ పే లిఖ్ దో నా, పాపా," అంటుంది కూతురు శైలజ, వాట్సాప్‌లో రాసెయ్యొచ్చుగా నాన్నా అని.

"అది అచ్చక్షరం. ఇది ఆడి సెయ్యి," అంటాడు.

ఇంటి ముందు కరెంటు స్తంభం ఎప్పుడూ చిటపటలాడుతుంది. ఆ రొద రేడియోలో వినబడకుండా చేసేది నాయిస్ బ్లాంకర్ అనే మీట. చిటుక్కుమన్న ప్రతిసారీ సెట్టు చెవులు రెప్పపాటు మూసేస్తుంది. పైడిబాబు దాన్ని చివరికంటా తిప్పి వదిలేశాడు. చిక్కెక్కడంటే, దగ్గర్లో బలమైన స్టేషన్ పలికినా అది చిటపటే అనుకుని చెవులు మూసుకుంటుంది. దూరాన్నుంచి వచ్చే బక్క సిగ్నల్ ముక్కచెక్కలవుతుంది.

పక్క వీధి తోమాస్ పెద్ద సెట్టు కొన్నాడు. అతను మాట్లాడినప్పుడల్లా గోవిందరావు చుక్కలు తెగిపోసాగాయి. పైడిబాబు పోట్లాటకి వెళ్ళాడు.

"ఏట్రా, మురికి సిగ్నల్ ఒదులుతన్నావు?"

"నాది క్లీనే బాబాయ్. మీ బ్లాంకర్ తగ్గించి సూడండి."

"క్రేన్లు ఆడించినోణ్ణి. నాకు నేర్పుతావేటి?"

తగవు హామ్ రేడియో క్లబ్బుకెక్కింది. అక్కడ ఒక్కరూ వచ్చి మీట తిప్పి చూడలేదు. పెద్దాయన బాధపడుతున్నాడన్నారు, పెద్దరికం కూడా ఓ కొలత పరికరమైనట్టు! పొద్దుటి పూట నోరు మూసుకోమని తోమాస్‌కి చెప్పారు. తోమాస్ ఒళ్ళుమండి ఏరియల్ తీగే విప్పేశాడు.

అయినా చుక్కలు తెగుతూనే ఉన్నాయి. వీడు దొంగచాటుగా పలుకుతున్నాడని పైడిబాబు ఊగిపోతూ మళ్ళీ వెళ్ళాడు. తోమాస్ డాబా మీదికి లాక్కెళ్ళి, చుట్టచుట్టి పడేసిన తీగ చూపించాడు.

"దేఖ్ లో, బాబాయ్. ఇంకేటి సెయ్యమంటారు?"

అంతటితో ఊరుకోక వెంట వచ్చి, అడక్కుండానే పైడిబాబు సెట్టులో బ్లాంకర్ సున్నాకి తిప్పేశాడు. చిటపట గది నిండిపోయింది. దాని కింద గోవిందరావు సిగ్నల్ సన్నగా, ఎక్కడా తెగకుండా వినబడింది. తెగుతున్నవి అక్షరాలు. చుక్క పడాల్సిన చోట గీత, గీత సగంలో తడబాటు, మళ్ళీ మొదటికి. పైడిబాబు పేరే గోవిందరావు మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ వదిలేశాడు.

"సిగ్నల్ బాగానే ఉంది బాబాయ్. ఆయన సెయ్యే..."

"నోర్ముయ్."

ఆ చెయ్యి ఎప్పట్నుంచి ఇలా ఉందో పైడిబాబుకి తెలీదు. తప్పంతా తోమాస్ నెత్తిన వేసి, తెలుసుకోవాల్సిన రోజులన్నీ తగవులో పోగొట్టుకున్నాడు.

గోవిందరావు ఆగాడు. అందిందా అని అడిగాడు, అదీ వంకరగానే. పైడిబాబు కీ దగ్గరికి లాక్కుని, మొత్తం అందిందని కొట్టాడు.

"ఏటందింది బాబాయ్?" అన్నాడు తోమాస్.

అవతల గోవిందరావు, అందిందన్న ధైర్యంతో, ఇంకా పొడుగాటి మాటేదో మొదలుపెట్టాడు.