దిగని మేస్త్రి

ఆయన్ని పనిలో అందరూ తాళ్ళ మేస్త్రి అనేవారు. కొత్తగా చేరిన కూలీలు అదేదో ఇంటిపేరనుకునేవారు. మురుగునీటి పైపులు వేసే ఆ గుంపులో ఒంటికి బెల్టు, బెల్టుకు తాడు లేనిదే ఎవడూ గోతిలో కాలు పెట్టకూడదని ఆయన శాసనం. ఈయన స్నానానికి వెళ్ళినా తాడు కట్టుకునే వెళ్తాడేమోనని వెనక నవ్వుకునేవారు. ఆ నవ్వు ఆయన చెవిన పడకపోలేదు. "నవ్వండ్రా నవ్వండి. నవ్వడానికైనా మనిషి పైన ఉండాలి కదా" అనేవాడు.

మొదట ఆయన వడ్రంగి. కర్ర తలుపుల చోట రేకు తలుపులూ ప్లాస్టిక్ తలుపులూ వచ్చిపడి చేతిలో పని సన్నగిల్లాక, పైపుల కాంట్రాక్టరు పిలిచి కొత్త పని అప్పజెప్పాడు. పైపుల కోసం తవ్విన కందకాల గోడలు కూలకుండా రెండు వైపులా పలకలు ఆనించి, మధ్యలో అడ్డకర్రలు బిగించడం. మొదటిరోజు కందకం అడుగున నిలబడి పైకి చూస్తే, తలకన్నా ఎత్తుగా లేచిన తడిమట్టి తన మీదికే వంగి చూస్తున్నట్టనిపించింది. తలుపు సరిగ్గా కుదరకపోతే కిర్రుమంటుంది, అంతే. ఇక్కడ పలక కుదరకపోతే మనిషే ఉండడు. ఆ భయమే ఆయనకు పని నేర్పింది. తవ్విన మట్టిని కందకం అంచున పోస్తే ఊరుకునేవాడు కాదు, దూరంగా పోయించేవాడు. నిచ్చెన ఎప్పుడూ పనివాడికి నాలుగడుగుల్లో ఉండాల్సిందే. వాన పడిన మర్నాడు ఒక్కో పలకనీ పుచ్చకాయను తట్టినట్టు తట్టి చూసుకుని గానీ మనుషుల్ని దింపేవాడు కాదు.

తాడు పిచ్చి మాత్రం తర్వాత పట్టుకుంది. ఒకసారి పక్క వీధిలో వేరే గుంపువాళ్ళు, అన్నదమ్ములిద్దరు, ఒకే మ్యాన్‌హోల్‌లో పోయారు. తమ్ముడు దిగి కుప్పకూలాడు. అది చూసి అన్న కేక పెట్టి దూకేశాడు. మేస్త్రి పరుగున వెళ్ళేసరికి మూత పక్కన రెండు జతల చెప్పులున్నాయి. ఒక జత పద్ధతిగా పక్కపక్కనే విడిచి ఉంది. రెండో జతలో ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా ముద్ద ఎత్తలేకపోయాడు. "మొదటివాణ్ణి గాలి చంపింది. రెండోవాణ్ణి ప్రేమ చంపింది" అన్నాడు భార్యతో. ఆమెకు ఆ మాట అప్పుడు అంతగా పట్టలేదు.

అప్పట్నుంచీ కాంట్రాక్టరు బుర్ర తినేసి ఒక్కొక్కటే కొనిపించాడు. విషవాయువు ఉంటే కూతపెట్టే మీటరు, లోపలికి మంచి గాలి కొట్టే బ్లోయరు, మనిషిని పైకి లాగే చక్రం బిగించిన మూడుకాళ్ళ స్టాండు, భుజాలకూ తొడలకూ చుట్టి వీపు మీద ఇనప కడియం ఉండే బెల్టులు. "పైపులకన్నా నీ సామానే ఎక్కువైందయ్యా" అని కాంట్రాక్టరు విసుక్కునేవాడు. విసుక్కుంటూనే కొనేవాడు.

ఆ గుంపులోనే పనిచేసేవాడు మేస్త్రి బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడింకా పాకే పిల్లాడు. అక్కే చంకనేసుకుని పెంచింది, పెళ్ళయ్యాక కూడా వెంట తెచ్చుకుంది. మాట ముందు, మనిషి వెనక అన్నట్టుండే వాడికి మట్టి తవ్వే మిషను డ్రైవరు 'హుషారు' అని పేరు పెట్టాడు. వాడు బావతో ఎప్పుడూ సరసమే.

"బావా, మా అక్కని పెళ్ళి చేసుకునేటప్పుడు కూడా తాడే కట్టావు. నీకు తాడు తప్ప ఇంకేం చేతకాదా?" అనేవాడు.

"ఆ తాడు నాకే బిగుసుకుంది. నువ్వు మాత్రం నీది సరిగ్గా బిగించుకో" అనేవాడు మేస్త్రి.

ఆ ఏడు ఒక కొత్త కాలనీకి పైపులు వేసే పని దొరికింది. కందకాలన్నీ తవ్వి, పైపులు దింపి, పూడ్చేశారు. చివరికి కొత్త లైనును పెద్దవీధిలో ఉన్న పాత మ్యాన్‌హోల్‌కి కలపడం ఒక్కటే మిగిలింది. కొత్త మ్యాన్‌హోల్‌లో దిగడం ఒక ఎత్తు, ఏళ్ళ తరబడి మురుగు పారుతున్న పాతదాంట్లో దిగడం ఒక ఎత్తు. పొద్దున్నే మేస్త్రి అందరికీ బెల్టులు తొడిగించి, మూత తీయించి, మీటరును తాడుతో లోపలికి వదిలాడు. అది కీచుమంది. వెంటనే మూత మళ్ళీ వేయించేశాడు.

"బ్లోయరు వచ్చేదాకా ఎవరూ దీని జోలికి పోవద్దు. మొదట కుళ్ళిన గుడ్ల వాసనొస్తుంది. కాసేపటికి రాదు. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదర్రా, మీ ముక్కు చచ్చిందని" అన్నాడు.

ఇంతలో వీధి మలుపులో బ్లోయరు తెస్తున్న ట్రాలీకి అడ్డంగా ఎవరో కారు నిలిపి పోయారు. దాన్ని తప్పించే సంగతి చూడ్డానికి మేస్త్రి అటు వెళ్ళాడు. హుషారుకు ఒక చోట నిలబడే గుణం లేదు. పైపు వచ్చి కలిసే ఎత్తు ఒక్కసారి చూద్దామని గడ్డపారతో మూత పక్కకు జరిపాడు. వంగి చూస్తుంటే చొక్కా జేబులోంచి ఫోను జారి, లోపల కాలువ గట్టు మీద పడింది. నీళ్ళలో పడలేదు. దాని వెలుగు పైకి కనిపిస్తూనే ఉంది. అదే కొంప ముంచింది.

"ఆగరా, మేస్త్రిని రానీ" అన్నాడు డ్రైవరు మిషను మీంచి.

"ఇలా దిగి అలా వచ్చేస్తా. దీనికీ తాడేనా?" అన్నాడు హుషారు. గోడలోని ఇనప మెట్ల మీద చకచకా దిగాడు. ఫోను అందుకోవడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ముందుకు ఒరిగిపోయాడు.

డ్రైవరు కేకకి మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. లోపలికి చూశాడు. బావమరిది గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి మురుగులో వేలాడుతోంది. మొహం మాత్రం నీటికి పైనే ఉంది. మేస్త్రి తనకు తెలియకుండానే కూర్చుని, ఒక కాలు లోపలికి జార్చి, మొదటి మెట్టు మీద పెట్టాడు.

ఆ మెట్టు మీద కాలు ఎంతసేపుందో ఆయన తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఫైరింజన్‌కి ఫోన్ చెయ్! అంబులెన్సుకి కూడా!" అని డ్రైవరు మీద అరిచాడు. "ఆ కారు అద్దం పగిలినా సరే, బ్లోయరు ఇటు తోసుకు రండి! స్టాండు నిలబెట్టండి!"

హుషారుకు ప్రాణస్నేహితుడైన పైపుల ఫిట్టరు చెప్పులు విదిలించి దూకబోయాడు. మేస్త్రి వాణ్ణి నడుం దగ్గర పట్టి నేలకేసి కొట్టి, వాడి గుండెల మీద మోకాలు పెట్టాడు.

"వదులు మేస్త్రీ! వాడు చచ్చిపోతాడు!"

"నువ్వూ చస్తావు. కొక్కెం కర్ర తేరా! ఏడవడం తర్వాత."

అప్పటికి చుట్టూ జనం మూగారు. "సొంత బామ్మర్దట. దిగడేం?" "మనిషా, రాయా?" అని తలొక మాటా అన్నారు. అన్నవాళ్ళెవరూ ముందుకు రాలేదు. ఒకతను ఫోను ఎత్తి వీడియో తీస్తూ నిలబడ్డాడు.

బ్లోయరు వచ్చింది. ఏనుగు తొండంలాంటి గొట్టం లోపలికి వదిలి గాలి కొట్టించారు. మేస్త్రి అంచున బోర్లా పడుకుని, చక్రం తాడు చివర ఉన్న కొక్కేన్ని పొడుగాటి కర్రకు తగిలించి కిందికి దింపాడు. హుషారు తాడు కట్టుకోలేదు గానీ పొద్దున తొడిగిన బెల్టు ఒంటి మీదే ఉంది. వీపు మీద కడియం మసక వెలుగులో మెరుస్తోంది. కొక్కెం దాని పక్కనుంచి జారింది. మళ్ళీ జారింది. కిటికీ గొళ్ళాలు గురి తప్పకుండా బిగించిన చేతులే అవి. "నాయనా, నా కన్నా, కదలకు" అని గొణుగుతున్నాడు, కదలలేనివాడితో. మూడోసారో నాలుగోసారో టక్కుమని తగులుకుంది.

"తిప్పండి! మెల్లగా! తల గోడకి కొట్టుకోకుండా!"

హుషారు పైకొచ్చాడు. మొహం నీలంగా ఉంది. ఊపిరి అందీ అందకుండా ఉంది. ఫైరింజను ఇంకా రాకముందే అంబులెన్సువాళ్ళు వచ్చి ముక్కుకు ఆక్సిజన్ పెట్టి తీసుకుపోయారు.

మేస్త్రి ఆసుపత్రికి చేరేసరికి భార్య అప్పటికే అక్కడుంది. ఆయనకన్నా ముందే వీడియో ఆమెను చేరింది. అందులో కొక్కెం లేదు, పైకి లాగడం లేదు. ఫిట్టరును కింద పడేసి తొక్కిపట్టిన మొగుడున్నాడు. "దిగడేం, దిగడేం" అన్న జనం గొంతులున్నాయి. అంతవరకే ఉంది. ఆమె ఆయన వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది.

రెండో రోజుకు హుషారు కళ్ళు తెరిచాడు. గొంతు బొంగురుపోయింది, నాలుగడుగులేస్తే ఆయాసం, కొన్ని మాటలు మర్చిపోతున్నాడు. కానీ బతికాడు. ఊపిరితిత్తులు కుదుటపడ్డానికి నెలలు పడుతుందన్నాడు డాక్టరు. "ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం" అని కూడా అన్నాడు. ఆ మాట భార్యకు ఇంకోలా వినిపించింది. దిగి ఉంటే ఆ కాస్త ఆలస్యం కూడా అయ్యేది కాదుగా, అని.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఆమె కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, వెళ్ళి తమ్ముడి మంచం దగ్గర కూర్చునేది. కూర బాగుందంటే పలికేది కాదు, ఉప్పెక్కువైందంటే పలికేది కాదు. చుట్టుపక్కలవాళ్ళు 'దిగని మేస్త్రి' అని కొత్త పేరు పెట్టారు. ఆయనకు గడ్డం పెరిగింది. పనిలో పలకలు తట్టేటప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయేవాడు.

ఒక సాయంత్రం తమ్ముడు నిద్రపోయాక ఆమే వచ్చి గడపలో కూర్చుంది.

"ఒక్క మాట అడుగుతా. నిజం చెప్పండి. భయపడ్డారా?"

"పడ్డా."

"మీరు దిగుతారనుకున్నా. ఆ వీడియో చూస్తూ కూడా, ఇదిగో ఇప్పుడు దిగుతారు, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూనే ఉన్నా."

"కాలు పెట్టా. అది వాళ్ళ ఫోన్లో పడలేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ తీసేశా" అన్నాడాయన.

"ఎందుకు తీశారు?"

"నేను దిగితే వాడి పక్కనే పడతా. నా కోసం ఫిట్టరు దూకుతాడు, వాడి కోసం ఇంకొకడు. పైన కొక్కెం వేసేవాడు ఎవరూ మిగలరు." ఆమె వైపు తిరిగాడు. "వాణ్ణి నువ్వొక్కదానివే పెంచావా? నా భుజాల మీద తిరగలేదా వాడు? దిగడం సులువే. కాలు వెనక్కి తీయడమే... ఇప్పటికీ ఆ మెట్టు అరికాలికి తగులుతున్నట్టే ఉంది."

ఆమె ఏడ్చింది. ఆయన కూడా, మొహం అటు తిప్పుకుని.

"అర్థమైంది" అందామె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "నా బుర్రకి అర్థమైంది. మనసుకి ఇంకా కాలేదు. తొందరపెట్టకండి."

ఆయన తొందరపెట్టలేదు. రోజులు వాటి దారిన అవి నడిచాయి. ఫిట్టరు వారం వారం వచ్చి హుషారు మంచం దగ్గర కూర్చునేవాడు. మేస్త్రి మోకాలు ఆనిన చోట గుండెల మీద ఇంకా నొప్పిగా ఉందని, ఆ నొప్పి ఉంది కాబట్టే తనింకా ఉన్నానని అక్కకి వినిపించేలా చెప్పేవాడు. ఆమె వినేది.

ఒకరోజు మేస్త్రి పనినుంచి వచ్చి, ఆలోచనలో బూట్లతోనే వంటగది దాకా వచ్చేశాడు.

"ఏమండీ! కళ్ళు నెత్తికెక్కాయా? ఆ మురుగంతా ఇంట్లోకి మోసుకొస్తారా? ఇప్పుడే తుడిచి చచ్చాను!" అని భార్య గరిటె ఎత్తింది.

మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. తిట్టు విని అంత సంతోషించిన మొగుడు ఆ వీధిలో ఇంకెవరూ ఉండరు. బూట్లు చేత్తో పట్టుకుని బయటికి వెళ్తూ నవ్వుకున్నాడు. అది చూసి ఆమె, "పైగా నవ్వొకటి" అంది. ఆమె మొహం కూడా బిగువుగా ఏమీ లేదు.

హుషారు తిరిగి పనిలోకి వచ్చాడు. గోతిలోకి మాత్రం దిగలేడు. చీకట్లోకి చూస్తేనే ఊపిరి బిగపడుతుంది. మేస్త్రి వాణ్ణి పైన నిలబెట్టాడు. మీటరు చూడటం, తాళ్ళు పరీక్షించడం, చక్రం దగ్గరే ఉండి దిగినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ పలికించడం వాడి పని. వాడు బావను మించిపోయాడు. బెల్టు పట్టీ మడతపడితే విప్పించి మళ్ళీ కట్టిస్తాడు. కాంట్రాక్టరు వచ్చి గోతి అంచున నిలబడితే, "దూరం జరగండి సారూ" అని బొంగురు గొంతుతో కసురుతాడు. పెద్దాయనే నయమని కూలీలు తలలు పట్టుకున్నారు.

ఆగిపోయిన ఆ కాలనీ లైను కలిపే రోజు మళ్ళీ వచ్చింది. ఈసారి దిగేది మేస్త్రే. పొద్దున బయల్దేరుతుంటే భార్య గుమ్మం దాకా వచ్చింది. భోజనం సంచి ఆయన చేతికి ఇవ్వబోయి, ఆయన అందుకునేలోగా మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"మీ తాడు ఎవరు పట్టుకుంటారు?"

"ఇంకెవరు, మీ తమ్ముడే."

"వాడా?" ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఒరేయ్, ఆ ఫోను ఇంట్లో పెట్టి పోరా!"