గుడ్లగూబ రాసిన రెండో వాక్యం

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆన్‌లైన్ ఆటలో మా జట్టు గిల్డ్ మాటలు కనిపించే చోట ఒకే ఒక్క పసుపురంగు వాక్యం ఉంది. న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో ఉండే అతణ్ని గిల్డ్ నుంచి తొలగించారని. తొలగించింది బెంటన్‌విల్‌లో ఉండే మా నాయకురాలు. కారణం రాయడానికి పక్కనే చిన్న గడి ఉంటుంది. ఆమె దాన్ని ఖాళీగా వదిలేసింది.

నేనింకా దాన్నే చూస్తుంటే ఫోన్ మోగింది. మా ఊరు అరోరాలోనే పుట్టి పెరిగి, కాలేజీలో చదువుతున్న అమ్మాయి. గిల్డ్‌లో అందరికన్నా చిన్నది.

"అంకుల్, చూశారా? అక్క తనని కిక్ చేసేసింది. వార్నింగ్ కూడా లేదు."

"చూశానమ్మా."

"మీరు అక్కకి ఏమైనా చెప్పారా?"

"అడిగితే చెప్పాను. ఆ పోస్టులు రాసేది మన మాటలు విన్నవాళ్ళే అన్నాను. ఎవరన్నది చెప్పలేదు."

"అంకుల్, మనం ఫైవ్ పీపుల్ ఉన్నాం. మీరు కాదు, నేను కాదు, అక్క కాదు, అక్క వాళ్ళ హజ్బెండ్ కాదు అనుకుంటే ఇంకెవరు? మీరు నేమ్ చెప్పలేదు, బట్ మ్యాథ్ చెప్పారు."

ఆ పోస్టుల సంగతి చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి.

హైదరాబాదులో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను. ఎక్కువకాలం పాఠకుల ఉత్తరాల పేజీ చూశాను. నా భార్య ఉద్యోగం కోసం ఇల్లినాయ్ వచ్చాక లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని దొరికింది. మా అబ్బాయి కాలేజీకి వెళ్తూ వదిలేసిన కంప్యూటర్లో ఈ ఆట ఉండేది. ఇన్నాళ్ళూ తలుపేసుకుని వాడు చూసిందేమిటో తెలుసుకుందామని తెరిచాను. తర్వాత నేనే తలుపేసుకోవడం మొదలైంది.

అదొక పెద్ద లోకం. వేలమంది ఒకేసారి అందులో తిరుగుతుంటారు. అడవులు, రేవులు, కొండగుహలు. గుహలో దిగాలంటే ఐదుగురు కావాలి. ఒకరు ముందు నిలబడి దెబ్బలు కాచుకుంటారు, ఒకరు గాయాలు మాన్పుతారు, ముగ్గురు కొడతారు. ఐదుగురు కూడాలంటే ఒకరినొకరు అడగాలి, ఎదురుచూడాలి. కూడాక గుహ దాకా అడవిలో నడవాలి. ఆ నడకలో చేసే పనేమీ ఉండదు. మైకులో మాట్లాడుకోవడమే.

ఇలా ఎప్పుడూ కలిసి ఆడేవాళ్ళ జట్టునే గిల్డ్ అంటారు. మా గిల్డ్ కట్టింది బెంటన్‌విల్ ఆవిడ. భర్త వీసా మీద వచ్చి, ఉద్యోగం చేయడానికి అనుమతి లేక, కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేని ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో కూర్చున్న రోజుల్లో తెలుగువాళ్ళను వెతికి వెతికి పోగుచేసింది. ఆటలో భర్త ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు, ఆమె గాయాలు మాన్పేది. వాళ్ళ పాప శనివారం మధ్యాహ్నం నిద్రపోయే సమయమే మా అందరి ఆట సమయం.

ఐసెలిన్ అతను కరీంనగర్ వైపువాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టర్, పెళ్ళి కాలేదు. వేరే వేరే షిఫ్టుల్లో పనిచేసే ఇంకొందరితో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాడు. ఒకసారి నడకలో, "ఇక్కడ రోడ్డంత మనోళ్ళే సార్. నాతోని కూసొని మాట్లాడేటోళ్ళు మాత్రం మీరే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మరుసటి శనివారం నుంచి నాయకురాలు అతణ్ని పేరు పెట్టి పిలవడం మానేసి తమ్ముడూ అనడం మొదలుపెట్టింది.

పోయిన చలికాలం ఆట కంపెనీ ఒక ప్రకటన చేసింది. కొత్తగా ఒక బటన్ పెట్టే ఆలోచన ఉందట. అది నొక్కితే యంత్రమే ఎక్కడెక్కడి నుంచో నలుగురు అపరిచితుల్ని తెచ్చి, అందర్నీ కలిపి గుహ ముందు దించుతుంది. అడగక్కర్లేదు, నడవక్కర్లేదు. మీ అభిప్రాయాలు చెప్పండి అంటూ, ఆటగాళ్ళు రాసుకునే ఫోరమ్‌లో ఒక పేజీ తెరిచారు. నాకు అప్పుడే నమ్మకం కలగలేదు. పేజీ ప్రెస్సుకు వెళ్ళిపోయాక సలహాలు అడిగే యజమానుల దగ్గర పనిచేసినవాణ్ని.

ఫోరమ్‌లో మాత్రం యుద్ధమే జరిగింది. పగలంతా ఉద్యోగం, తర్వాత పిల్లలు, మిగిలిన అరగంట నడకకే పోతే ఆడేదెప్పుడని ఒకరు. అపరిచితులైతే మధ్యలో వదిలేసి పోవడానికి ఎవరికీ సిగ్గుండదని ఇంకొకరు. స్నేహితులు కావాలంటే పార్కుకు పొమ్మని ఒకడు సలహా ఇచ్చాడు. నువ్వు పార్కులో కూడా బటన్ వెతికేరకం అని వాడికి జవాబు వచ్చింది. మా నాయకురాలు ఆటలో తనకున్న పేరుతోనే బటన్ వద్దని పెద్ద పెద్ద పోస్టులు రాసేది. వాటికి చాలామంది తల ఊపేవారు.

బటన్ కావాలని రాసేవాళ్ళలో ఒకరి రాత దగ్గర నేను ఆగిపోయాను. పేరు చోట ఉత్త అంకెలు, ముఖం చోట గుడ్లగూబ బొమ్మ. కోపం లేదు, తప్పుల్లేవు, ఎవర్నీ తిట్టదు. ఉత్తరాల పేజీలో అలాంటివాటినే నేను ముందు పక్కన పెట్టేవాణ్ని. నిజంగా బాధపడి రాసే పాఠకుడు ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోతాడు. ఎవరో కూర్చోబెట్టి రాయించిన ఉత్తరం దారి తప్పదు. ఇంకా ఎవరూ వేయని ప్రశ్నకు ముందే జవాబు చెబుతుంది.

ఒక శనివారం నడకలో ఈ గొడవే మాట్లాడుకుంటున్నాం. "గుడి క్యాంటీన్‌లో దోసెల కోసం వరుసలో నిలబడే కదా ఇక్కడ మనవాళ్ళు ఒకరికొకరు పరిచయమయ్యేది. లోపలికి అడుగుపెట్టగానే దోసె చేతికొస్తే ఎవరి మొహం ఎవరు చూస్తారు?" అన్నాను.

"అంకుల్, ఆ లైన్‌లో నేను ఓన్లీ ఫోన్ చూస్తాను" అంది కాలేజీ అమ్మాయి.

"నువ్వు దోసె తినేటప్పుడు కూడా ఫోనే చూస్తవ్" అన్నాడు ఐసెలిన్ అతను. అందరం నవ్వాం.

సోమవారం ఫోరమ్‌లో గుడ్లగూబ రాసింది ఇంగ్లీషులో. తెలుగులో చెబితే ఇది: "గుడిలో తిండి కోసం నిలబడే వరుసలోనే స్నేహాలు కలుస్తాయని కొందరంటారు. ఏడుస్తున్న బిడ్డను చంకనేసుకుని అదే వరుసలో నిలబడ్డ మనిషిని అడిగి చూడండి."

ఆ సాయంత్రమే నాయకురాలు ఫోన్ చేసింది.

"చదివారా సర్? అది మీ మాట. మనం తప్ప ఎవరూ వినలేదు. మీరు పేపర్లో చేశారు కదా, ఇది ఎవరి రాతంటారు?"

మన మాటలు విన్నవాళ్ళదే అన్నాను. అంతకుమించి చెప్పలేనన్నాను.

"తమ్ముడి క్లయింట్ ఎవరో మీకు తెలుసా?"

తెలియదు. కాంట్రాక్టర్లకు జీతమిచ్చేది ఒక కన్సల్టెన్సీ, వాళ్ళు పనిచేసేది వేరే కంపెనీకి. ఆ కంపెనీనే క్లయింట్ అంటారు. క్లయింట్ పేరు బయటికి చెప్పనని కొందరిచేత సంతకం పెట్టించుకుంటారు, దాన్నే ఎన్‌డీఏ అంటారు. ఐసెలిన్ అతను అలా పెట్టినవాడే. "ఆటలో గుర్రాల వేగం పెరుగుతుందని కంపెనీ చెప్పకముందే చెప్పాడు, గుర్తుందా?" అంది ఆమె. నాకూ గుర్తుంది. ఎక్కడో చదివానన్నాడప్పుడు. ఎక్కడ చదివాడో నేను తర్వాత వెతికితే కనిపించలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. కానీ మనసులో పెట్టుకున్నాను.

తర్వాతి శనివారం, అడవి సగం దాటాక ఆమె అడిగింది.

"తమ్ముడూ, నీ క్లయింట్ ఎవరు?"

"చెప్పరాదక్కా. ఎన్‌డీఏ సైన్ చేసిన."

"పేరొద్దు. గేమ్ కంపెనీయా కాదా, అంతే చెప్పు."

"కాదంటే ఇంకోటి అడుగుతరు. బ్యాంకా, ఇన్సూరెన్సా అని. అట్ల అడుక్కుంట పోతే పేరు చెప్పినట్టే గదా."

ఆమె భర్త అందుకున్నాడు. "బ్రో, నో అని ఒక్క మాట అనేస్తే పోతుంది కదా."

"పోయేది జాబ్ అన్నా. జాబ్ పోతే వీసా పోతది. గా పోస్టులు నేను రాయలే. నేనెందుకు రాస్త? ఆ బటన్ వస్తే మీరందరు నన్నెందుకు పిలుస్తరు?"

మిగిలిన దారంతా ఆటలోని అడుగుల చప్పుడు మాత్రమే వినిపించింది. గుహలోకి వెళ్ళాం, గెలిచాం కూడా. మర్నాడు మధ్యాహ్నానికి ఆ పసుపురంగు వాక్యం వచ్చింది.

కొన్ని వారాల తర్వాత బంధువుల పెళ్ళికి చీరలు కొనాలని నా భార్యతో న్యూజెర్సీ వెళ్ళాను. ఆమె ఓక్ ట్రీ రోడ్డులో చీరల షాపుల్లో ఉంటే, నేను ఒక టిఫిన్ హోటల్లో ఐసెలిన్ అతణ్ని కలిశాను. అతనే ఫోన్ చేసి రమ్మన్నాడు. గొంతును బట్టి నేను ఊహించినదానికన్నా సన్నగా ఉన్నాడు. పెసరట్టు తెప్పించుకుని ముట్టుకోలేదు.

"సార్, మీరు చెప్తే అక్క ఇంటది. నేను గాదని చెప్పున్రి."

"నువ్వు కాదని నాకెలా తెలుసు?"

అతను ఆలోచించాడు. "తెల్వదు" అన్నాడు చివరికి. "మీకు తెల్వది. అది నిజమే."

"క్లయింట్ ఎవరో నాకు చెప్పు. నాతోనే ఉంటుంది."

"మీరు పేపరోళ్ళు సార్" అని నవ్వాడు.

అప్పుడే అతని ఫోన్ వెలిగింది. చూసి, బల్ల మీద బోర్లా పెట్టాడు. అలాంటి చిన్న కదలికలు చూడటం నా పాత అలవాటు. చూశాను. అది మేనేజర్ కావచ్చు, తల్లి కావచ్చు, గుడ్లగూబకు వచ్చిన జవాబూ కావచ్చు.

"నా ప్లేస్‌ల ఎవరాడుతున్నరు?" అడిగాడు.

"ఎవరూ లేరు. గుహలకు పోవడం లేదు."

అతని మొహంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. దాన్నీ అనుమానించాను. తర్వాత అతను పెసరట్టు తినడం మొదలుపెట్టాడు. చల్లారిపోయిందని కూడా అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు విమానం కోసం కూర్చుని గుడ్లగూబ పోస్టు మళ్ళీ చదివాను. డెస్కులో ఉన్నప్పుడు అనుమానమున్న ఉత్తరాన్ని కొన్ని రోజులాగి మళ్ళీ చదివేవాళ్ళం. మేమందరం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయామని అప్పుడు తెలిసింది. గుడి, తిండి, వరుస: అవి నా మాటలు, ఎవరైనా విని ఉండవచ్చు. రెండో వాక్యం నాది కాదు. చంకలో ఏడుస్తున్న బిడ్డ ఎవరో విని రాసింది కాదు, మోసినవాళ్ళు రాసింది. మా ఐదుగురిలో చంకనెత్తుకునే పాప ఉన్నది ఒక్క ఇంట్లోనే.

ఆ తర్వాత మిగిలినవి గుర్తుకొచ్చాయి. ఆ చలికాలమే నాయకురాలికి వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగంలో చేరింది. శనివారాల్లో నడక సగంలో ఉండగా "ఇంకెంత దూరం సర్?" అనడం మొదలుపెట్టింది. తాను కట్టిన గిల్డ్‌కి, ఇక మీకోసం నాకు తీరిక లేదని ఒక నాయకురాలు ఎలా చెబుతుంది? బటన్ వస్తే చెప్పాల్సిన అవసరమే ఉండదు. ఇదంతా నా ఊహ. బేస్‌మెంట్‌లో అతనితో ఉండేవాళ్ళు స్పీకర్లో మా మాటలు విని ఉండవచ్చు. వాళ్ళలో ఎవరికైనా ఊళ్ళో పిల్లలు ఉండవచ్చు. రాయించిన ఉత్తరాల్లో బిడ్డల్ని పెట్టడం కూడా నాకు తెలియని పని కాదు.

అయినా అడిగాను. ఆ శనివారం నలుగురమే ఉన్నాం, గుహకు పోకుండా అడవి అంచున నిలబడ్డాం.

"గుడ్లగూబ పోస్టులో రెండో వాక్యం మళ్ళీ చదివారా అమ్మా?"

ఆమె పేరు పక్కన మైకు బొమ్మ మీద ఎర్ర గీత పడింది, మైకు ఆపేసిందన్నమాట. కాసేపటికి తొలగింది. వెనక పాప ఏదో అడుగుతోంది.

"సర్, ఆ వరుసలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడేది ఈ దేశంలో నేనొక్కదాన్నేనా?"

"మీరని నేను అనలేదు."

"అనలేదు. మీరు ఎవరి పేరూ అనరు కదా సర్."

"అయినా ఎత్తుకునేది ఎక్కువ నేనే సర్" అన్నాడు ఆమె భర్త. కాలేజీ అమ్మాయి నవ్వబోయి ఆగింది. అది జోకో, ఒప్పుకోలో, భార్యకు అడ్డం నిలబడటమో నాకు తెలియలేదు. ఆటలో అతని పని అదే, ముందు నిలబడి దెబ్బ కాచుకోవడం.

వసంతంలో బటన్ వచ్చింది. అభిప్రాయాల పేజీని కంపెనీ ధన్యవాదాలతో మూసేసింది. గుడ్లగూబ ఆ రోజు నుంచి ఏమీ రాయలేదు. కోరుకున్నది వచ్చాక ఎవరైనా రాయడం మానేస్తారు కాబట్టి, దాన్నిబట్టి ఎవర్నీ పట్టుకోలేం. ఇప్పుడు మేము శనివారం అరగంట ఆడతాం. ఐదో మనిషి కోసం నాయకురాలే బటన్ నొక్కుతుంది. ఎవరో వస్తారు, పలకరిస్తే పలకరు, గుహ అయిపోగానే మాయమవుతారు.

ఐసెలిన్ అతను గిల్డ్‌లో మళ్ళీ చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. అది మా అందరికీ కనిపిస్తుంది. దాని పక్కన రెండు గడులు ఉంటాయి, ఒప్పుకోవడానికి ఒకటి, తిప్పి పంపడానికి ఒకటి. ఆ రెంటినీ నొక్కే అధికారం నాయకురాలికే ఉంది. ఇవాళ్టి దాకా ఆమె ఏదీ నొక్కలేదు.